నీళ్ళ తాత మందా, నా ఏడు పేజీల ప్రార్థనా

ఆ రోజుల్లో నాకు ఎవరి మీదా అసూయ లేదని గట్టి నమ్మకం. అసూయ ఎంత చెడ్డదో గంటసేపు ప్రసంగం చెప్పగలిగినవాడికి అసూయ ఎక్కడి నుంచి వస్తుంది? నాకున్నదల్లా రోషం. అదీ దేవుని పక్షాన కలిగిన రోషం, కాబట్టి అది భక్తి కిందికే వస్తుందని అనుకునేవాణ్ణి. ఇరవై మూడేళ్ళ వయసులో మనిషి తన కుళ్ళుబోతుతనానికి ఎంత చక్కని పేరైనా వెతికి పెట్టుకోగలడు. అందులోనూ చిత్తూరులో రెండేళ్ళు వాక్యం చదువుకొని, నాలుగు తెల్ల చొక్కాలు కుట్టించుకొని, లోకాన్ని మార్చడానికి ఎక్కడ మొదలుపెట్టాలా అని చూస్తున్నవాడైతే ఇక చెప్పనే అక్కర్లేదు.

నేను మొదలుపెట్టింది మా మామ దగ్గర. మామ అంటే అమ్మకు స్వయానా అన్న, ఏర్పేడుకు కాస్త ఎడంగా ఉన్న పల్లెలో ముప్పై ఏళ్ళుగా సంఘ కాపరి. రేకుల మందిరం, దాని చుట్టూ ముళ్ళకంప వేసిన ఆవరణ, ఒక చేతిపంపు. రేణిగుంటలో దిగే విమానాలు మా రేకుల మీదుగానే పోయేవి. ఆ మోత వచ్చినప్పుడల్లా మామ ప్రసంగం ఆపి నిదానంగా మంచినీళ్ళు తాగేవాడు. (నేను మాత్రం విమానం కన్నా గట్టిగా అరిచేవాణ్ణి. అది ఓడిపోయి దిగిపోయినట్టే ఉండేది నాకు.) సంఘంలో మామ పెద్దయ్యగారు, నేను చిన్నయ్యగారు. ఆదివారం వచ్చేది ముప్పై మంది. వాళ్ళలో ప్రసంగం చివరిదాకా మెలకువగా ఉండేవాళ్ళ సంఖ్య మామ మాట్లాడితే ఒకటి, నేను మాట్లాడితే ఇంకొకటి. ఏది ఎక్కువో చెప్పను.

ఇంతకీ నా రోషమంతా ఎవరి మీదంటే, నీళ్ళ తాత మీద. ఆ ఊళ్ళో ఉగాది వెళ్ళిన రెండో మంగళవారం మందకు నీళ్ళు చల్లే పండగ. వేపచెట్లు కొత్త చిగుళ్ళు వేసే ఆ రోజుల్లో, ఊరవతల చింతతోపులో రెండు వెదురు గడలు పాతి, వేపమండలతో తోరణం కట్టి, దాని కింద నేల మీద ఒక రోకలి అడ్డంగా పెట్టేవాళ్ళు. పక్కన పసుపు నీళ్ళ గంగాళం. ఊళ్ళో ఉన్న ప్రతి జీవమూ ఆ తోరణం కింద నుంచి దూరి, రోకలి దాటి పోవాలి. దాటేటప్పుడు తాత వేపమండ ముంచి దాని వీపు మీద నీళ్ళు చల్లి, మంద పెరగాలని దీవెనగా "పొలి" అనేవాడు. వెనకాల మందలు తోలుకొచ్చినవాళ్ళంతా "పొలో పొలి" అనేవాళ్ళు. అవతలికి పోయిన జీవానికి దోసెడు తవుడు, చెనక్కాయ చెక్క ముక్క. ముందు గొర్రెలు, మేకలు, తర్వాత ఆవులు, ఎనుములు, ఆ తర్వాత కుక్కలు. పిల్లిని చంకన పెట్టుకొని వచ్చేవాళ్ళు, పంజరంలో చిలకను తెచ్చేవాళ్ళు, ఆఖరికి కోడిపెట్టను కొంగులో చుట్టుకొని వచ్చే ముసలమ్మలు. తాతకు డెబ్బై దాటి ఉంటాయి. గొర్రెలు కాచుకునే మనిషి. చదువు లేదు, మైకు లేదు, తెల్ల చొక్కా అసలే లేదు.

నేను ఆ ఊరికి వచ్చిన మొదటి ఏడు ఈ పండగను రోడ్డు మోరీ మీద కూర్చొని చూశాను. (చూడలేదు, దారిన పోతూ ఆగాను అని మామకు చెప్పాను. రెండు గంటలు ఆగాను.) ఏం జనం, ఏం జీవాలు. ఒక్కరు ఆవలించడం లేదు. తాత ఏం చెబుతాడా అని పెద్దవాళ్ళు మెడలు సాచి వింటున్నారు. ఆయన చెప్పేదేమో "దీనికి ఈతలు ఎన్ని", "దీని చెవి ఎవురు కొరికినారు" లాంటి మాటలు. అందులో మా సంఘపెద్ద (మామ కాదు, ఊరి మనిషే) ఎనుములు రెండూ ఉన్నాయి. మా ఆరాధనలో కంజీర వాయించే పిల్లల మేకలున్నాయి. కడుపు మండిపోయింది. నా మందలో ముప్పై మందిని కూర్చోబెట్టడానికి నేను వారమంతా చెమటలు కక్కుతుంటే, ఈయన ఏడాదికొక పూట వేపమండ ఊపి మూడు వందల ప్రాణాలను వరసలో నిలబెడుతున్నాడు.

ఒక్కటే ఊరట. పాల పెద్దమ్మ ఆ వరసలో లేదు. ఆమె మా సంఘంలో మొదటి వరస మనిషి. భర్త పోయాక ఒక్క ఆవును నమ్ముకొని, ఇంటింటికీ పాలు పోసి బతికేది. ఆ వారం ఆదివారమే ఆమెను నిలబెట్టి, లోకం వెంట పోనివాళ్ళు ఎలా ఉంటారో చూడండి అని అరగంట పొగిడాను. ఆమె తల వంచుకొని కూర్చుంది. వినయం అనుకున్నాను. ఆ మంగళవారం ఆమెకు నూట మూడు జ్వరమని, లేవలేక పోలేదని నాకు ఏడాది దాకా తెలియదు. నెల తిరక్కుండా ఆమె ఆవు ఈనింది, దూడ దక్కలేదు.

రెండో ఏడు ఉగాది అయిన ఆదివారం, ఆరాధన ముగిశాక, చెప్పులు వేసుకోకుండా గుమ్మం దగ్గరే నిలబడింది పెద్దమ్మ.

"చిన్నయ్యగారూ, ఒక మాట. మళ్ళ మంగళవారం ఆవును తోపుకు తోలుకపోదామనుకుంటా ఉండా. మీకు చెప్పకుండా పోతే బాగుండదని."

పోయిన ఏడు అరగంట పొగిడిన మనిషి.

"ఏం పెద్దమ్మా, నీకు కూడా ఆ నీళ్ళ మీద నమ్మకమా?"

"నమ్మకమని కాదయ్యా. పోయిన ఏడు నాకు జరమొచ్చి పోలేదు. దూడ పోయినాది. నేను జరిగింది చెప్తా ఉండా. ఆవుకు ఇప్పుడు మళ్ళ ఎనిమిదో నెల. ఈసారి కూడా పోతే నాకు పాలు లేవు. పాలు లేకపోతే నేను లేను." అని కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "దేవుడి మీద నమ్మకం యాడికీ పోలేదులే. ఆవుకు మాత్రం ఎవురో ఒకరు ఏదో ఒకటి చెయ్యాల గదా," అంది.

ఆ చివరి మాట నాకు సూటిగా తగిలింది. ఎవరో ఒకరు ఏదో ఒకటి. ఆ ఎవరో నేనెందుకు కాకూడదు? ఓడలోకి జంతువులన్నీ ఎక్కిన కథ మాదే. ప్రవక్తను ఎదిరించి మాట్లాడిన గాడిద మాదే. పశువులతో సహా పట్టణమంతా ఉపవాసమున్న సంగతీ మా వాక్యంలోదే. ఇన్ని ఉండి, జీవాలను దీవించే హక్కు వేపమండకు వదిలేశామే అని ఒక్కసారిగా వెలుగు కలిగింది. (అది వెలుగు కాదు, తోపులో చూసిన మూడు వందల జీవాల వరస. కానీ అప్పుడు వెలుగనే అనుకున్నాను.)

"నువ్వు తోపుకు పోవద్దు పెద్దమ్మా. అదే మంగళవారం, అదే పొద్దున, మన మందిరంలో జీవాల ప్రార్థన పెడతాం. నీ ఆవును నేను దీవిస్తాను. దూడ సంగతి నాకు వదిలిపెట్టు."

ఆమె చెప్పుల్లో కాలు పెట్టబోయి ఆగింది. "మీరు చేస్తారా?" అంది. "చేస్తాను," అన్నాను. ఒక ఆడమనిషి బతుకు ఆధారం మీద నేను అంత తేలిగ్గా పూచీ పడిన రోజు అంతకు ముందు లేదు, ఆ తర్వాతా లేదు.

మామకు చెబితే, ఆయన వక్క కొరుకుతూ విన్నాడు.

"అదే రోజు ఎందుకురా? బుధవారం పెట్టుకోరాదా?"

"అదే రోజు పెడితేనే కదా మామా, ఎవరు ఎటు వైపో తేలేది."

"జీవాలు ఎటు వైపో తేలాల్నా, మనుషులా?"

"మన సాక్ష్యం నిలబడాలి మామా."

"నిలబడతాదిలే. జీవాలు నిలబడవు. పొట్టిగా చెయ్యి ప్రార్థన," అని వక్క పొడి ఊదుకొని లేచిపోయాడు. ముసలాయనకు ఉజ్జీవం తగ్గిపోయిందని ఆ రోజు నా డైరీలో రాసుకున్నాను.

పొట్టిగా ఎలా కుదురుతుంది? వారం రోజులు కూర్చొని ఏడు పేజీల ప్రార్థన రాశాను. సృష్టి ఐదో రోజు నుంచి ఎత్తుకున్నాను. నీటిలో ఈదేవి, రెక్కలున్నవి, పాకేవి, అన్నీ వరసగా వచ్చాయి. మూడో పేజీలో జలప్రళయం. ఐదో పేజీ చివర ఆవు వస్తుంది. అడవి జంతువుల కోసం కూడా ఒక పేరా రాశాను, ఊళ్ళో ఎవరికీ పులి లేకపోయినా. అంతలో నేనే ఆటో మాట్లాడుకొని, మైకు పట్టుకొని, మూడు పల్లెల్లో "జీవాల ప్రత్యేక ప్రార్థన, మంగళవారం ఉదయం ఎనిమిది గంటలకు, మీ పశువులతో సహా రండి" అని చాటించాను. చింతతోపు పక్కన ఆటోను కాస్త ఎక్కువసేపు ఆపించాను. నీళ్ళ తాత అక్కడే గొర్రెలకు తొట్టిలో నీళ్ళు తోడుతున్నాడు. మొత్తం విని, చేద దించి, "మంచిదే సామీ," అన్నాడు. ఆయన ముఖంలో కంగారు కోసం వెతికాను. దొరకలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మంగళవారం వచ్చింది. ఆవరణ ఊడ్పించి, రెండు సౌండు బాక్సులు పెట్టించి, నేను ఎనిమిదింటికే తెల్ల చొక్కాలో నిలబడ్డాను. ఎనిమిదిన్నరకు సంఘపెద్ద రెండు ఎనుములను తోలుకొచ్చాడు. (ఆయన కొడుకు గొర్రెల్ని మాత్రం తోపుకు తోలాడని తర్వాత తెలిసింది. రెండు వైపులా ఉండటం క్షేమమని ఆయన అభిప్రాయం.) కంజీర పిల్లలు నాలుగు మేకల్ని, ఒక ముసలమ్మ బుట్ట కింద కోడిపెట్టను, ఇంకొకాయన గొలుసు లేని కుక్కను తెచ్చారు. పాల పెద్దమ్మ తన ఆవుకు కొమ్ములు కడిగి, నుదుట ఏమీ పెట్టకుండా, కొత్త పలుపు వేసి తెచ్చింది. ఎర్రటి ఆవు, కడుపు ఇంతెత్తున. చివరికి మా సంఘం కాని మనిషి కూడా ఒకాయన వచ్చాడు. మందిరం ఎదురుగా కుట్టు మిషన్ పెట్టుకున్న దర్జీ భాయ్. ఆయన మేకను లుంగీ అంచుకు దగ్గరగా పట్టుకొని, "అయ్యగారూ, మా బక్రీకి కూడా రెండు మాటలు చెప్పండి. దువా యాడ దొరికినా మంచిదే గదా," అన్నాడు. లెక్క చూసుకుంటే కోడితో కలిపి పది జీవాలు. మూడు వందలు కాదు. అయినా మొదటి ఏడు కదా అని సర్దుకున్నాను. తోపు వైపు నుంచి పలకల మోత మొదలైంది. నేను బాక్సుల శబ్దం పెంచించాను.

ఇక్కడ మా సంఘం అలవాటొకటి చెప్పాలి. మా దగ్గర ప్రార్థన అంటే కళ్ళు గట్టిగా మూసుకోవాలి, రెండు చేతులూ పైకెత్తాలి, ఆమేన్ దాకా కదలకూడదు, మాట్లాడకూడదు. మూడేళ్ళ పిల్లలకు కూడా నేర్పిస్తాం. మధ్యలో కళ్ళు తెరిచేవాళ్ళను ఆదివారం బడిలో లేపి నిలబెట్టేది నేనే. కాబట్టి ఆ రోజు కూడా, ప్రతి ఆదివారం చెప్పినట్టే, మైకులో గంభీరంగా చెప్పాను.

"అందరూ కళ్ళు మూసుకోండి. రెండు చేతులూ పైకెత్తండి. ప్రార్థన అయ్యేదాకా ఎవరూ కదలవద్దు, మాట్లాడవద్దు."

అందరూ మూసుకున్నారు. అందరూ ఎత్తారు. రెండు చేతులూ ఎత్తాలంటే చేతుల్లో ఉన్న పలుపులు ఏమవుతాయో నాకు తోచలేదు. వాళ్ళకు తోచినా, చిన్నయ్యగారు చెప్పాక చెయ్యకపోతే ఎలా? నేను కాగితాలు కంఠతా పట్టి ఉన్నాను కాబట్టి నా కళ్ళు కూడా మూసే ఉన్నాయి. ఐదో రోజు సృష్టి మీద ఉండగా మైకు ఒకసారి కీచుమని కూసింది. రెక్కలున్నవాటి దగ్గర విమానం పోయింది. నేను అలవాటుగా దాని మీద గొంతు పెంచాను. జలప్రళయం దగ్గర గంటల చప్పుడు ఏదో వినబడి, తర్వాత దూరమైంది. ఆత్మ కార్యం జరుగుతోందని ఒళ్ళు గగుర్పొడిచింది. ఇరవై ఐదు నిమిషాలు. పులుల పేరా కూడా వదల్లేదు. ఆమేన్ అని కళ్ళు తెరిచాను.

ఆవరణలో మనుషులు చేతులెత్తి నిలబడి ఉన్నారు. జీవాలు లేవు. బుట్ట కింద కోడిపెట్ట, దర్జీ భాయ్ చేతిలో మేక, అంతే.

సంఘపెద్ద తన ఖాళీ చేతుల్ని తిప్పి తిప్పి చూసుకున్నాడు. నేను దర్జీ భాయ్ వైపు తిరిగాను.

"భాయ్, నువ్వు కళ్ళు మూసుకోలేదా?"

"లేదు అయ్యగారూ. మాకు ఆ అలవాటు లేదు."

"మరి అవి పోతుంటే చూడలేదా?"

"చూస్తా ఉండినా. మైకు కూసినప్పుడు మేకలు లేసినాయి. యిమానం వచ్చినప్పుడు ఎనుములు. ఆవు ఆఖర్న పోయినాది, నిమ్మళంగా."

"చెప్పకూడదా?"

"మీరే గదా మాట్లాడొద్దన్నారు," అన్నాడాయన, ఎంతో మర్యాదగా.

మామ మందిరం అరుగు మీద కూర్చొని తువ్వాలుతో ముఖం తుడుచుకుంటున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

అవి ఎక్కడికి పోయాయో అడగాల్సిన పని లేదు. ప్రతి ఏడూ ఆ రోజు పలకల మోత వినగానే పోవలసింది ఎటో, అక్కడ ఏం పెడతారో, జీవాలకు తెలుసు. ముందు కంజీర పిల్లలు, వెనక సంఘపెద్ద, ఆ వెనక పాల పెద్దమ్మ, అందరి వెనక నేను, చింతతోపు దారిలో పరుగు. పెద్దమ్మ పరిగెడుతూనే నా వైపు తిరిగి, "నేను తోలుకపోలేదయ్యా. అదే పోయినాది," అంది. ఆమె ముఖంలో భయం ఉంది. దాని అడుగున సన్నటి నిశ్చింత కూడా ఉందని నాకు అనిపించింది. ఆ నిశ్చింత నన్ను ఎంత కాల్చిందో చెప్పలేను. నా ఇరవై ఐదు నిమిషాలు ఆమెకు ఇవ్వనిది, పలుపు జారిపోయిన సంగతి ఇచ్చింది.

తోపులో పండగ నడుస్తూనే ఉంది. వరస కదులుతోంది, తాత వేపమండ ఆడుతోంది. మా జీవాలు ఆ వరసలో లేవు. పక్కన ఒక చింతమాను నీడలో వరసగా కట్టేసి ఉన్నాయి. వాటి ముందు నీళ్ళ తొట్టి. కుక్క కూడా కూర్చొని ఉంది, కట్టకుండానే. ఒక్కదాని వీపు మీద కూడా పసుపు చుక్క లేదు.

నన్ను చూసి తాత మండను గంగాళంలో పెట్టి ఎదురొచ్చాడు.

"రాండి సామీ. మీ జీవాలు వచ్చినాయి. పక్కన నిలబెట్టినా."

"నీళ్ళు చల్లినావా?" అన్నిటికన్నా ముందు అదే అడిగాను.

"అదెట్ల చల్లేది. ఒకాయన దీవిస్తా ఉంటే మధ్యలో లేసొచ్చినాయి. మీది అయిపోయినాదో, సగంలో ఉండాదో నాకేం తెలుసు? మైకు మాత్రం ఈడికి బాగా వినబడతా ఉండాది. పులి దాకా విన్నా."

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. తాత నవ్వలేదు.

"ఇప్పుడు మీ ఇష్టం సామీ. తోలుకపోతామంటే తోలుకపోండి. చల్లమంటే చల్తా. పెద్దమ్మ ఆవు కడుపుతో ఉండాది, ఎండలో ఎక్కువసేపు పెట్టొద్దు."

తోపంతా నా వైపే చూస్తోంది. పెద్దమ్మ మాత్రం నన్ను చూడలేదు, తాతను చూడలేదు. ఆవు కడుపు మీద చెయ్యి వేసి నిలబడింది. వద్దంటే నా మాట గెలుస్తుంది, ఆమె ఇంటికి పోయి నెల రోజులు నిద్ర లేకుండా దూడ కోసం భయపడుతుంది. సరేనంటే నేను ఏడాదిగా చెప్పిన ప్రసంగాలన్నీ ఆ గంగాళంలో మునుగుతాయి. నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకు దేవుడూ గుర్తుకు రాలేదు, ఆవూ గుర్తుకు రాలేదు. తాత గెలుస్తాడా, నేను గెలుస్తానా అన్నదొక్కటే. దీనికి నేను పెట్టుకున్న రోషం అనే పేరు ఆ చింతమాను కింద ఊడిపోయింది. కుళ్ళు కుళ్ళుగానే నిలబడింది.

నేను నోరు తెరవకముందే తాత వంగి ఆవు వెనక కాలు ఎత్తి చూస్తున్నాడు.

"ఏమ్మా, ఈ కాలు ఎన్నాళ్ళుగా మోపకుండా ఉండాది?"

"నాలుగు రోజులుగా తాతా. బరువుకేమో అనుకుంటి."

గిట్ట సందులోంచి బొటనవేలంత తుమ్మముల్లు లాగి, నాకు చూపించి పారేశాడు. ఆవు ఒళ్ళంతా ఒకసారి విదిలించి, కాలు నేల మీద పూర్తిగా ఆనించింది. తర్వాత ఆయన కడుపు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు తెరిచే ఉంచి, చాలాసేపు అలాగే ఉన్నాడు. "నెల పడతాది. పోయిన తూరి దూడ అడ్డం తిరిగింది గదా, ఈ తూరి పశువుల డాక్టరుకు ముందే చెప్పి పెట్టుకో. ఒంటిగా ఉండొద్దు, ఈనేటప్పుడు నాకు కబురు పంపు," అన్నాడు.

ఇరవై ఐదు నిమిషాలు ఆ ఆవుకు మూడడుగుల దూరంలో నిలబడి ప్రార్థించినవాణ్ణి నేను. అది మూడు కాళ్ళ మీద నిలబడిందని చూడలేదు.

"నీళ్ళు వద్దు తాతా," అన్నాను చివరికి. పెద్దమ్మ చెయ్యి ఆవు మీద బిగుసుకుంది. "మాకు అది కుదరదు. కానీ మా జీవాలన్నిటికీ కాళ్ళు చూసి పెట్టు."

తాత అప్పుడు నవ్వాడు. "నీళ్ళు లేకపోతే ఎవురు తోలుకొస్తారు సామీ? రాండప్పా కాళ్ళు చూస్తా అంటే ఒక్కడన్నా వస్తాడా?" అని, కాసేపు గడ్డం గోక్కొని, "సరే. నీళ్ళ బదులు మీరు మీ మాటలు చెప్పండి. నేను కాళ్ళు చూస్తా. పొట్టిగా చెప్పండి, ఎండ పడతా ఉండాది," అన్నాడు.

ఊరంతా చూస్తుండగా నేను పోయి ఆ ఆవు నుదుటి మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది, గరుగ్గా ఉంది. నా జన్మలో ఆవును అంత దగ్గరగా తాకడం అదే మొదలు. ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు.

"దీని పేరేంది పెద్దమ్మా?"

"రాణి, అయ్యా."

"ప్రభువా, ఈ రాణిని, దీని కడుపులో ఉన్నదాన్ని, దీన్ని నమ్ముకున్న పెద్దమ్మను కాపాడు. ఆమేన్." కళ్ళు మూసుకోలేదు. కొమ్ము నా చొక్కా జేబుకు జానెడు దూరంలో ఉంటే ఎవరు మూసుకుంటారు? పెద్దమ్మ "ఆమేన్" అని నా వైపు చూసి తల ఊపింది. అంత చిన్న ప్రార్థనకు అంత గట్టి ఆమేన్ నేను అంతకు ముందు వినలేదు.

అలా ఒక్కొక్కదాని దగ్గరికి పోయాం. తాత కాళ్ళు, చెవులు, పళ్ళు చూశాడు. నేను పేరడిగి ఒక్క వాక్యం చెప్పాను. ఎనుముల దగ్గర, ఒంటికి కరుచుకొని నెత్తురు తాగే గోమార్లు తీయడానికి తోక పట్టుకొమ్మంటే పట్టుకున్నాను. తెల్ల చొక్కా ఏమైందో రాయను. అంతా బాగానే ఉంది గానీ, ఒకటి గమనించకుండా ఉండలేకపోయాను. ప్రతి ఒక్కరూ నా మాటకు ఆమేన్ అంటున్నారు, చూపు మాత్రం తాత చేతుల మీదే ఉంటోంది. నేను ఆరో జీవం దగ్గర ప్రార్థన కాస్త పొడిగించి చూశాను. ఎవరూ నా వైపు తిరగలేదు. మేక నా బొత్తాం కొరికింది. (తిరిగి వచ్చేసరికి దర్జీ భాయ్ మేక, నేను పరుగులో పారేసిన కాగితాల్లో సృష్టి నుంచి జలప్రళయం దాకా తినేసింది. "మీ ప్రార్థన పూర్తిగా పట్టించుకునింది మా బక్రీ ఒక్కటే అయ్యగారూ," అన్నాడాయన.)

నెల తర్వాత రాణి ఈనింది. దూడ మళ్ళీ అడ్డం తిరిగిందట. తాత వచ్చాడు, డాక్టరు వచ్చాడు, తెల్లవారేసరికి దూడ, అదీ పెయ్యదూడ, తల్లి పక్కన నిలబడింది. ఆ ఆదివారం పెద్దమ్మ సాక్ష్యం చెప్పడానికి లేచింది. నేను పుస్తకం మూసి, ముఖంలో వినయం తెచ్చుకొని కూర్చున్నాను. "దేవుడు నా ఆవును కాపాడినాడు. ఆయనకే స్తోత్రం," అంది, కూర్చుంది. అంతే. తాత పేరు లేదు, నా పేరూ లేదు. తాత పేరు రానందుకు ముందు సంతోషించాను. తర్వాత ఆ స్తోత్రంలో నాకు రవ్వంత కూడా మిగల్లేదని తెలిసి, ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, దేవుడి మీద కూడా కాస్త కుళ్ళుకున్నాను.

మధ్యాహ్నం పెద్దమ్మ జున్ను కాచి తెచ్చింది. ఏలకులు, బెల్లం వేసి, పైన మూత పెట్టి, సత్తు గిన్నెలో. మామ చెంచా కోసం లోపలికి పోయాడు. నేను గొంతు తగ్గించి అడిగాను.

"తాతకు పంపించినావా పెద్దమ్మా?"

"పంపకుండా ఎట్లయ్యా. పొద్దున్నే ఇచ్చొచ్చినా."

"గిన్నెలోనేనా?"

"ఆయనకు చెంబులో."

చెంబు. పెద్దమ్మ ఇంట్లో చెంబులు రెండు రకాలు. పెద్ద చెంబు అయితే మా గిన్నె కన్నా ఎక్కువ, చిన్న చెంబు అయితే తక్కువ. ఏ చెంబు అని అడగడానికి నోరు రాలేదు, అడగకుండా ఉండటానికి మనసు ఒప్పలేదు. గిన్నెను పక్కకు వంచి, లోతు కొలుస్తూ కూర్చున్నాను. మామ వచ్చి ఎదురుగా కూర్చొని తినడం మొదలుపెట్టాడు. "తినరా, మళ్ళ అయిపోతాది," అన్నాడు. అయిపోయింది కూడా.

ఇప్పుడు తిరుపతిలో నాకు ఆ రోజుల కన్నా పది రెట్లు పెద్ద సంఘముంది. ఎవరైనా జున్ను తెస్తే, తినకముందు ఒక్క క్షణం ఆగి ఆ తెల్ల చొక్కా కుర్రవాణ్ణి తలచుకొని నవ్వుకుంటాను. పాపం, అన్ని వాక్యాలు కంఠతా వచ్చినవాడు. ఆ జున్ను తియ్యగా ఉందో, చప్పగా ఉందో నాకిప్పుడు ఏమాత్రం గుర్తులేదు. గిన్నె లోతు మాత్రం ఇప్పటికీ వేలితో చూపించగలను.